కొట్టు మూశాక బల్ల ఉంటుందా?

మా ఊరు లాన్‌వెరిన్‌లో మనిషి పేరుకి వాడు చేసే పని తగిలించి పిలవడం అలవాటు. రొట్టెల డై, పోస్టు మెగన్, మాంసం ఇద్వల్. నా పేరు ఎనిడ్ బెవన్. వెనకాల నన్నేమంటారో నాకు తెలుసు: "ఎటుపోతావ్ ఎనిడ్". మా స్కూల్లో చివరి రెండేళ్ళు చదివే సిక్స్త్ ఫారం పిల్లల చేత ఏ యూనివర్సిటీకి వెళ్ళాలో, అక్కడ ఏం చదవాలో తేల్పించి, దరఖాస్తులు పెట్టించడం నా ఉద్యోగం. పదిహేడేళ్ళ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎటు పోతావమ్మా అని నేనడుగుతాను. ఆ పిల్ల గోడకేసి చూస్తుంది. మర్నాడు ఇంకో పిల్ల.

ఇద్వల్ కూతురు మాబ్లి గోడకేసి చూసే రకం కాదు. అంతకన్నా ప్రమాదం. వారానికో కోరికతో వచ్చేది.

"మిస్, నేను సముద్రంలో జీవాల గురించి చదువుతాను."

"పోయిన వారం లా అన్నావు కదే?"

"అవునా? అయితే పోయిన వారం నేనెవరో వేరే మనిషిని మిస్."

ఆ పిల్లకి అన్నింట్లోనూ మంచి మార్కులు. అదే వచ్చిన చిక్కు. ఏదో ఒకదాంట్లో తప్పితే పక్కన పెట్టేయొచ్చు, అదీ లేదు. ఏ యూనివర్సిటీ వాళ్ళు తలుపులు తెరిచి చూడ్డానికి రమ్మన్నా, ఓపెన్ డే అంటే చాలు, వెళ్ళేది. తీసుకెళ్ళేది వాళ్ళ నాన్న. వ్యానులో కూతురు ముందు సీట్లో, వెనకాల ఐసు పెట్టెలు.

ఇద్వల్, నేను పదహారో ఏడు దాకా ఒకే తరగతి. అప్పుడు కూడా వాడి చెయ్యి ఎప్పుడూ గాల్లోనే ఉండేది. "బాత్రూముకైతే వెళ్ళు, ప్రశ్నయితే దించు" అనేవారు మా చరిత్ర మాస్టారు. ఆ వేసవిలో వాళ్ళ నాన్నకి నడుం పడిపోయింది. సెప్టెంబరు వచ్చేసరికి మేమంతా సిక్స్త్ ఫారంలో కూర్చున్నాం, వాడు కొట్లో ఏప్రన్ కట్టుకున్నాడు. దాని గురించి వాడు దిగులుగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఉన్న నోరంతా బేరాలతోనే వాడేవాడు.

అసలు కథ అక్టోబరులో ఒక బుధవారం మొదలైంది. ఆ రోజు మా పిల్లల్ని కార్డిఫ్‌లో యూనివర్సిటీ చూపించడానికి స్కూలు మినీబస్సులో తీసుకెళ్ళాలి. డ్రైవరు చీలమండ విరగ్గొట్టుకున్నాడు. బుధవారం మా ఊళ్ళో కొట్లు ఒంటిపూటే కాబట్టి, "నేను తోలుతాలే ఎనిడ్" అని ఇద్వల్ ముందుకొచ్చాడు. మాబ్లి నా చెవిలో, "మిస్, వద్దనండి. దండం పెడతాను" అంది. నేను వినిపించుకోలేదు. డ్రైవరు దొరకడమే గొప్ప.

ఆ వారం మాబ్లి కోరిక మనస్తత్వశాస్త్రం. ఆ హాలు నిండిపోయింది. తల్లిదండ్రులు బయటే ఉండాలన్నారు. ఇద్వల్ కాసేపు వరండాలో అటూ ఇటూ తిరిగి, పక్క గదిలో ఖాళీ కుర్చీలు, ఒక పళ్ళెంలో బిస్కట్లు ఉండటం చూసి లోపలికెళ్ళి కూర్చున్నాడు. వాడి వెనకే నేనూ వెళ్ళాను, నాకూ కాళ్ళు పీకుతున్నాయి. అది తత్వశాస్త్రం గది అని కూర్చున్నాక తెలిసింది.

జలుబుతో ముక్కు ఎర్రబడిన ఒక సన్నటి అమ్మాయి, అక్కడ పాఠాలు చెప్పే డాక్టర్ హేవుడ్ట, ముందున్న బల్లని వేళ్ళతో తట్టి, "ఎవరూ చూడనప్పుడు ఈ బల్ల ఉంటుందా?" అని అడిగింది.

పిల్లలు బిస్కట్ల పళ్ళెంకేసి చూశారు. ఇద్వల్ చెయ్యి లేచింది.

"ఉంటుందమ్మా. నా కొట్లో ఒకటుంది. రాత్రి తాళం వేసి పోతాను, పొద్దున్నే తీస్తే అక్కడే ఉంటుంది."

"పొద్దున చూసింది రాత్రి చూసిన బల్లే అని ఎలా తెలుసండీ?"

"దాని మీద నా కత్తిగాట్లున్నాయిగా!"

"గాట్లతో సహా అచ్చం అలాంటిదే ఇంకో బల్ల వచ్చి ఉండొచ్చు కదా?"

ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ బల్ల మీద గొర్రెల్ని కొడుతున్న మనిషి, ఎవరో తన కింద నుంచి దాన్ని లాగేసినట్టు చూశాడు. తర్వాత వాడి మొహంలోకి ఒక వెలుగు వచ్చింది. అలాంటిది నేను వాడి పెళ్ళిలో చూశాను, మళ్ళీ అప్పుడే.

"అయితే ఎవరు మార్చారంటారు?" అన్నాడు, కుర్చీ ముందుకు లాక్కుంటూ.

మాబ్లి హాల్లోంచి బయటికొచ్చేసరికి తండ్రి లేడు. మినీబస్సు దగ్గర పిల్లలంతా చలికి వణుకుతూ నిలబడ్డారు. చివరికి ఇద్వల్, డాక్టర్ హేవుడ్ మాట్లాడుకుంటూ మెట్లు దిగారు. ఆవిడ తుమ్ముతోంది, వీడు గాల్లో చేతులతో బల్లలు గీస్తున్నాడు. తిరుగు ప్రయాణమంతా వెనక సీట్లో కుర్రాళ్ళు "ఇద్వల్ అంకుల్, స్టీరింగ్ ఉందా? చూసి చెప్పండి!" అని ఒకటే గోల. మాబ్లి టోపీ ముక్కు దాకా లాక్కుని కూర్చుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఊరివాళ్ళం మాంసం కొనుక్కోవడానికి నానా పాట్లు పడ్డాం. ఇద్వల్ లైబ్రరీ నుంచి తత్వశాస్త్రం పుస్తకాలు తెచ్చి, గల్లా పక్కన పెట్టుకుని చదివేవాడు. పేజీల మీద వేలిముద్రలు చూసి లైబ్రరీ ఆవిడ ఏడవలేక నవ్వింది. వరసలో నిలబడ్డవాళ్ళకి ప్రశ్న తప్పదు.

"మిసెస్ పారీ, మీరు నిన్నటి మిసెస్ పారీయే అని ఎలా చెప్పగలరు?"

"నిన్న నువ్విచ్చిన సాసేజీల్లో కొవ్వెక్కువైందని ఇంకా కోపంగా ఉన్నాను కాబట్టి. తూకం వెయ్యి."

ఊరు వాడి పేరు మార్చేసింది. ఇప్పుడు వాడు బల్ల ఇద్వల్. వాడికది బిరుదులా ఉండేది. కూతురికి మాత్రం స్కూల్లో నరకం. ఏ తరగతిలోకి వెళ్ళినా ఎవడో ఒకడు తన బల్ల కిందికి తొంగిచూసి "ఉందర్రా!" అని అరిచేవాడు.

నవంబరులో ఆ కథ మలుపు తిరిగింది. మాబ్లి జర్నలిజం ఓపెన్ డేకి బ్రిస్టల్ వెళ్ళింది, వాళ్ళ నాన్నతోనే. అక్కడ మాట్లాడుతున్నాయన "నిజం రాయడమే మా వృత్తి" అన్నాడట. ఇద్వల్ చెయ్యి లేచింది. నిజమని ఎవరు తేలుస్తారు అన్న దగ్గర మొదలైంది. ఇక అక్కడ ఉన్నవాళ్ళెవరికీ వేరే ప్రశ్న వేసే వీలు చిక్కలేదు. వ్యాను దగ్గరికి రాగానే మాబ్లి అరిచేసింది.

"యూనివర్సిటీకి వెళ్ళేది నువ్వా నేనా నాన్నా? చెప్పు! నువ్వే అయితే నేనింట్లో ఉంటాను!"

ఇద్వల్ "సరేలేమ్మా" అన్నాడు. వ్యాను స్టార్ట్ చేశాడు. ఇల్లు చేరేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

ఇదంతా ఆ పిల్ల తర్వాత నాకు చెప్పింది. అప్పటికి నాకు తెలిసిందల్లా, ఒకరోజు అర కిలో లివర్ అడిగితే రెప్పపాటులో పొట్లం నా చేతిలో పడింది. "ఇంకేమైనా కావాలా ఎనిడ్?" అన్నాడు. పుస్తకాలు లేవు. మిసెస్ పారీ వీధిలో నన్ను ఆపి, "వాడికి ఒంట్లో బాగాలేదేమో. నిన్న నన్నేమీ అడగలేదు" అంది. ఆవిడ గొంతులో నిజంగానే బెంగ ఉంది.

ఆ వారమే మాబ్లి నా గదికి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఆ రోజు ఏ కోరికా తేలేదు.

"మిస్, ఆయన్ని పంపించొచ్చా?"

"ఎవర్ని, ఎక్కడికి?"

"మా నాన్నని. యూనివర్సిటీకి."

నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు.

"మీ గోడ మీద అంత పెద్ద అక్షరాలతో రాసి పెట్టారుగా, అందరికీ ఒక దారి ఉంది అని. యాభై దాటినవాళ్ళకి లేదని కింద చిన్నక్షరాల్లో ఎక్కడైనా ఉందా?"

ఆ రోజు సాయంత్రం కొట్టుకెళ్ళాను. ఇద్వల్ బల్ల తోముతున్నాడు. విషయం చెప్పగానే మెడ దగ్గర మొదలై చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"నేనా? ఈ వయసులోనా? ఎనిడ్, నీకు పిల్లలు దొరకట్లేదా ఏంటి?"

లోపలి గదిలోంచి వాడి భార్య గ్వెన్నో గొంతు వినిపించింది. "పంపించు ఎనిడ్, పంపించు. పుణ్యముంటుంది. మొన్నటిదాకా మంచం ఉందా లేదా అని చంపుకు తిన్నాడు. ఇప్పుడు నోరు మూసుకుని చంపుతున్నాడు. మొదటిదే బాగుండేది."

"కొట్టెవరు చూస్తారు?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎవరు చూస్తున్నారనుకుంటున్నావు?"

వాడు గుడ్డతో బల్ల మీద అదే చోట మళ్ళీ మళ్ళీ తుడిచాడు. తర్వాత మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా అడిగాడు: "నన్ను తీసుకుంటారా?"

మర్నాడు డాక్టర్ హేవుడ్‌కి ఫోన్ చేశాను. "బల్ల ఆయనా?" అంది వెంటనే. పై చదువులు లేనివాళ్ళకి ముందు ఒక ఏడాది సన్నాహక తరగతి ఉంటుంది, దరఖాస్తు పెట్టించండి, పిలిచి మాట్లాడతాం అంది.

దరఖాస్తుతో పాటు ఎవరి గురించి వాళ్ళు ఒక పేజీ రాసుకోవాలి. ఏటా నాకు అదే తలనొప్పి. ప్రతి పిల్లా, ప్రతి కుర్రాడూ "చిన్నప్పటి నుంచీ నాకు ఫలానా శాస్త్రమంటే ప్రాణం" అని మొదలుపెడతారు. నేను పెన్సిలుతో కొట్టేస్తాను. ఇద్వల్ తను రాసింది మాంసం చుట్టే కాగితంలో చుట్టి తెచ్చాడు. పిల్లల కుర్చీలో పట్టక, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. పక్కన మాబ్లి. మొదటి వాక్యం చదివాను.

"చిన్నప్పటి నుంచీ నాకు తత్వశాస్త్రమంటే ఏమిటో తెలీదు."

పెన్సిలు పక్కన పెట్టేశాను. కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు.

మిగతాది మాత్రం కొట్టెయ్యక తప్పలేదు. ఒక పేజీ కావాలంటే ఒక కట్ట రాశాడు. ఆ పని నా చేతిలోంచి మాబ్లి లాక్కుంది.

"నాన్నా, 'మా ఆవిడ గ్వెన్నో ఒప్పుకోదు కానీ' అని ఎన్ని చోట్ల రాశావో చూసుకున్నావా?"

"ఒప్పుకోదు కదమ్మా మరి."

"ఆవిడ అప్లై చెయ్యట్లేదు కదా. తీసెయ్. ఈ గొర్రె కథ కూడా."

"గొర్రె ఉండాలి. గొర్రెలోనే ఉంది విషయమంతా."

"అయితే గొర్రెని చిన్నది చెయ్."

వాళ్ళిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని అలా గొణుక్కుంటుంటే నేను మెల్లగా లేచి టీ పెట్టుకున్నాను.

జనవరి వచ్చింది. ఇద్వల్ దరఖాస్తు వెళ్ళిపోయింది. గడువు ముంచుకొస్తోంది, మాబ్లిది రాలేదు. నా గదిలో బోర్డు మీద, దరఖాస్తు పెట్టినవాళ్ళందరి పేర్ల ఎదురుగా ఆకుపచ్చ పిన్ను ఉంది, మాబ్లి ఎదురుగా ఎరుపు. ప్రిన్సిపాల్ వచ్చినప్పుడల్లా ఆ ఎరుపు పిన్నుకేసే చూస్తాడు. ఉండబట్టలేక ఆదివారం ప్రార్థనయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. గ్వెన్నో నాకు కేకు కోసి పెట్టింది. మాబ్లి గదిని వెచ్చగా ఉంచే రేడియేటరుకి వీపు ఆనించి నిలబడి, "ఈ ఏడాది నేను అప్లై చెయ్యట్లేదు మిస్" అంది. "పరీక్షలు రాస్తాను. తర్వాత ఒక ఏడాది కొట్లో అమ్మతో ఉంటాను."

ఇద్వల్ కప్పు కింద పెట్టాడు. "నా కోసం నువ్వు ఆగిపోతావా? ఆ దరఖాస్తు ఇప్పుడే చింపేస్తా."

"అది కంప్యూటర్లో ఉంది నాన్నా. చింపలేవు."

"అయితే కంప్యూటర్ చింపేస్తా!"

"ముందు నేను చెప్పేది విను. నీ కోసం కాదు." ఆ పిల్ల రేడియేటరు దగ్గర్నుంచి ముందుకొచ్చింది. "సముద్రం అన్నాను, లా అన్నాను, నాటకాలన్నాను. ఏదో ఒకటి చెప్పకపోతే అందరూ మొహం అదోలా పెడతారని చెప్పాను. నాకేం కావాలో నాకు తెలీదు. ఆ మాట అనడానికి నాకెవరూ ఊపిరి సలపనివ్వలేదు. మిస్‌తో సహా."

నా నోట్లో కేకు ఉంది. మింగుడు పడలేదు. ఇద్వల్, ఎంతో జాగ్రత్తగా, "తెలీదని తెలుసుకోవడం అనేది, అసలు తత్వశాస్త్రంలో..." అని మొదలుపెట్టాడు.

"నాన్నా!"

"సరే సరే."

గ్వెన్నో నవ్వేసింది. తర్వాత మాబ్లి. నేను వెళ్ళేటప్పుడు ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చి, "మీ లెక్క తప్పదులెండి మిస్. మా ఇంట్లోంచి ఒకళ్ళు వెళ్తున్నారుగా. ఆకుపచ్చ పిన్ను నాన్నకి పెట్టుకోండి" అంది. ఇంటికి నడుస్తూ, ప్రిన్సిపాల్‌కి ఏం చెప్పాలా అని కాకుండా, ఇన్నేళ్ళలో ఇంకెంతమంది నా మొహం చూసి ఏదో ఒకటి చెప్పేసి ఉంటారా అని ఆలోచించాను.

ఫిబ్రవరిలో ఇద్వల్‌ని మాట్లాడటానికి పిలిచారు. చావులకి వేసుకునే నల్ల సూటు వేసుకుని వెళ్ళాడు. తిరిగొచ్చాక "ఏమడిగారు?" అంటే, "వాళ్ళా? పాపం, వాళ్ళకి అడిగే వీలు చిక్కలేదు" అన్నాడు. ఇక ఆశ లేదనుకున్నాం. మార్చిలో సీటిచ్చినట్టు మెయిల్ వచ్చింది. అది చదవడానికి ఫోను పట్టుకుని మాంసం వేలాడదీసే చల్లటి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడట. ఎంతకీ రాకపోతే మాబ్లి వెళ్ళి చూసింది. గొర్రెల మధ్య నిలబడి ఉన్నాడు, కళ్ళు తడిగా. "చలికి" అన్నాడు. అక్కడ ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నా వాడికి ఎప్పుడూ రాని నీళ్ళు.

సెప్టెంబరు నుంచి వారంలో మూడు రోజులు కార్డిఫ్, మిగతా రోజులు కొట్టు. మొదట్లో వెనక్కి వచ్చేస్తాననుకున్నాడు. పక్కన కూర్చునే పిల్లలు తనని లెక్చరర్ అనుకుని సందేహాలు అడిగేవారట. వ్యాసాలు రాయడం రాలేదు, మొదటిదాన్ని నిలువునా ఎర్రగీతలతో తిరిగిచ్చారు. అది పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. ఇద్దరం శనివారాలు కూర్చుని, పేరాకి ఒకే మాట చెప్పడం నేర్చుకున్నాం. వాడికి అది చాలా కష్టం. వేసవికి అన్నీ గట్టెక్కాడు, తర్కం తప్ప. తర్కంలో తప్పాడు. "నాకు తర్కం అక్కర్లేదు, పెళ్ళయింది" అని ఊరంతా చెప్పుకు తిరిగి, మళ్ళీ రాసి అంచున పాసయ్యాడు.

ఆ ఏడాది కొట్టు మాబ్లిది. ఆ పిల్ల కత్తి పట్టదు, ఆ పని గ్వెన్నోది. మాబ్లి బేరాలు చూసేది. అక్కడికి ఊళ్ళో పెద్దాయన టడ్‌వల్ తాతయ్య రోజూ వచ్చేవాడు. పక్షవాతం వచ్చాక ఆయనకి మాటలు తారుమారైపోయాయి. బుద్ధి చక్కగా ఉంది, నోటికి మాత్రం అనుకున్న మాట రాదు. లివర్ కావాలంటే "మంగళవారం" అంటాడు. జనం తొందరపడి ఆయన మాట పూర్తి చేసేస్తారు. లేకపోతే చెవిటివాడితో అన్నట్టు అరుస్తారు. ఆయన కోపం వచ్చి వెళ్ళిపోయేవాడు. మాబ్లి మాత్రం బల్ల మీద మోచేతులు ఆనించి కాచుకునేది. వరస వీధిలోకి పోయినా సరే.

"మంగళవారమా తాతయ్యా? ఎర్రటి మంగళవారమా, తెల్లటిదా?"

ఆయన నవ్వి, వేలు పెట్టి చూపించేవాడు. కొన్నాళ్ళకి ఆ పిల్ల మాటలు రాబట్టే కిటుకులు కనిపెట్టింది. మొదటి శబ్దం అందించేది, లేదా పాటలా పాడించేది. క్రిస్మస్ ముందు రోజు టడ్‌వల్ తాతయ్య కొట్టంతా వింటుండగా "లివర్" అన్నాడు. మిసెస్ పారీ చప్పట్లు కొట్టింది. ఆయనకి ఆ రోజు కావల్సింది సాసేజీలని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.

జనవరి మొదట్లోనే మాబ్లి నా గదికి వచ్చింది. నేను ఎటు పోతావని అడగలేదు. టీ పోసిచ్చి ఊరుకున్నాను. అలా ఊరుకోవడం నాకెంత కష్టమో ఆ పిల్లకి తెలుసు కాబట్టి, కావాలనే కప్పు సగమయ్యేదాకా ఏమీ చెప్పలేదు.

"మాట పోయినవాళ్ళకి మాట నేర్పే చదువు ఒకటుందట కదా మిస్?"

"ఉంది."

"అది."

"వచ్చే వారం కూడా అదేనా?"

"వచ్చే వారం, ఆ పై వారం కూడా."

సీటొచ్చింది. అదీ కార్డిఫ్‌లోనే, అయితే ఇంకో యూనివర్సిటీలో. "దేవుడున్నాడు" అంది మాబ్లి. సన్నాహక తరగతి దాటిన ఇద్వల్‌దీ, తనదీ ఇద్దరిదీ అదే సెప్టెంబరులో మొదటి ఏడాది. వ్యానులో కలిసి వెళ్దామన్నాడు తండ్రి. తను అద్దె గదిలో ఉంటానని, పగటిపూట ఎదురుపడితే తనెవరో తెలీనట్టు ఉండాలని కూతురు షరతు పెట్టింది. "నువ్వెవరో నాకు నిజంగా తెలుసని ఎలా చెప్పగలను?" అన్నాడు ఇద్వల్. గ్వెన్నో వాడి నెత్తి మీద గుడ్డతో కొట్టింది.

మాబ్లి బయల్దేరే ముందు రోజు నేను కొట్లో ఉన్నాను. టడ్‌వల్ తాతయ్య వచ్చాడు, చేతికర్ర ఊపుకుంటూ. ఏమీ కొనలేదు. బల్ల మీద ఉన్న మాబ్లి చెయ్యి పట్టుకున్నాడు, చాలాసేపు పెదాలు కదిపాడు. మేమెవరం నోరు మెదపలేదు, ఇద్వల్ కూడా. చివరికి ఆయన గట్టిగా, స్పష్టంగా, "గొడుగు" అన్నాడు.

మాబ్లి తలూపింది. "నాక్కూడా తాతయ్యా" అంది.

ఆయన వెళ్ళాక గ్వెన్నో, నేను, ఇద్వల్ ముగ్గురం అడిగాం ఆయన ఏమన్నాడని. ఆ పిల్ల ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుని, మీకెందుకు చెప్తానంటూ వరసలో తర్వాతి మనిషికేసి తిరిగింది.